దిద్దిన బొమ్మలు

శంషాబాద్ పాత ఊళ్ళో దశరథం సారు ఇంటికి పొద్దున్నే జనం వచ్చేవారు. రేణుకమ్మ వాకిట్లో ముగ్గు వేసి నడుం ఎత్తేసరికి ఎవరో ఒకరు గేటు తీసేవారు. "ముగ్గు తొక్కకుర్రి, పక్కపొంటి రార్రి" అని ఆమె రోజూ అరిచేది. వాళ్ళు రోజూ తొక్కేవారు. ముందు గదిలో రెండు పెద్ద ఇనుప పెట్టెలుండేవి. సారు వాటి తాళం తీసి ఎవరి పిల్లల బొమ్మ వాళ్ళ చేతికిచ్చేవాడు. వాళ్ళు అరుగు మీద కూర్చుని, కాయితాన్ని వెలుతురుకు పట్టుకుని, తమ పిల్లలు ఎట్లా ఉన్నారో చూసుకునేవారు. తర్వాత రేణుకమ్మ ఇచ్చిన చాయ తాగి, బొమ్మ తిరిగిచ్చి పోయేవారు.

దశరథం సారు ముప్ఫై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ బడిలో డ్రాయింగు చెప్పి, విమానాశ్రయం తెరిచిన ఏడాదే రిటైరయ్యాడు. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్ల చేతా, పిల్లవాడి చేతా ఒక బొమ్మ వేయించి దాచుకోవడం ఆయన అలవాటు. కొందరు తపాలా బిళ్ళలు దాస్తారు, కొందరు పాత నాణేలు దాస్తారు, ఈయనకు ఈ పిచ్చి. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ బతుకులో ఏం జరిగితే అది బొమ్మలోనూ కనపడేది. బుచ్చయ్య కొడుకు కారు కొంటే బొమ్మలోకి కూడా కారు వచ్చింది. అందులో రోడ్డు లేదు కనక పాపం వాగులో నిలబడింది. గోపయ్య బిడ్డ కాన్పుకు దవాఖానకు పోయిన రోజు గుడిసె పక్కన ఇంకో బుల్లి గుడిసె లేచింది. దుబాయ్ పోయినవాళ్ళ కొబ్బరిచెట్లు ఖర్జూరం చెట్లయ్యాయి. విమానాశ్రయంలో సామాన్లు మోసే పనికి కుదిరినవాళ్ళ ఆకాశంలో పక్షులు పోయి విమానాలు వచ్చాయి. ఎవరైనా చనిపోతే వాళ్ళ కాయితం మెల్లగా తెల్లబడేది. దినాల నాడు సారు ఆ తెల్ల కాయితాన్ని తీసుకెళ్ళి ఆ ఇంటివాళ్ళకు ఇచ్చి వచ్చేవాడు. ఫోన్లో పిల్లలు ఎన్ని అబద్ధాలైనా చెప్తారు, బొమ్మ చెప్పదు కదా అని జనం ధీమా.

బొమ్మంటే అందరిదీ ఒక్కటే బొమ్మ. రెండు కొండలు, నడుమ పొద్దు, కొండల్లోంచి దిగే వాగు, వాగు ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, పైన టిక్కుమార్కుల్లాంటి పక్షులు. దీన్ని సీనరీ అనేవారు. శంషాబాద్ చుట్టుపక్కల అట్లాంటి కొండలు లేవు, రాతి గుండ్లున్నాయి. కొబ్బరిచెట్లు లేవు, తాడిచెట్లున్నాయి. వాగు వానాకాలంలో కూడా మొహమాటపడుతూ పారేది. "మన దిక్కు గిట్లుండదు గద సార్" అని ఏ పిల్లవాడైనా అడిగితే, "పరీక్షల ఇదే అడుగుతరు, నోర్మూసుకొని ఎయ్యి" అనేవాడు. ఆయన సారు ఆయనకు అదే చెప్పాడు. ఇంకో కొండ ఉంటుందని ఈయనకూ తట్టలేదు.

సారు చెయ్యి మాత్రం మామూలు చెయ్యి కాదు. బోర్డు మీద గీత గీస్తే దారం లాగినట్టు వచ్చేది. క్లాసునిండా పిల్లలు, అందరివీ దిద్దే ఓపిక ఎవరికుంటుంది? అందుకని ఆయన తనకు నచ్చిన పిల్లల బొమ్మలే దిద్దేవాడు. బుద్ధిమంతులు, చెప్పిన మాట వినేవాళ్ళు, పోటీలకు పంపదగినవాళ్ళు. "ఇటు తే" అని పెన్సిల్ లాక్కుని వంకర కొండను సరిచేసి, వాలిన గుడిసెను నిలబెట్టి, పొద్దును గుండ్రంగా చుట్టి ఇచ్చేవాడు. ఆ పిల్లలు ఉప్పొంగిపోయేవారు. పెట్టెలో ఆ బొమ్మలు మిగతావాటిలా మారేవి కావు. ఒక్కదానికీ రంగు తగ్గలేదు, ఒక్కటీ తెల్లబడలేదు. మంచి పిల్లలు కనక కుదురుగా ఉన్నారు, కుదురుగా ఉన్నారు కనక బొమ్మా కుదురుగా ఉంది అనుకుని సారు మురిసిపోయేవాడు. వాళ్ళలో రాజశేఖర్ అనేవాడు ఏనాడో చేరిన ఆఫీసులో అదే కుర్చీలో కూర్చున్నాడు. దారిలో కనపడితే, "మంచిగనే ఉన్న సార్" అని నవ్వి పోయేవాడు.

అట్లాంటి బొమ్మల్లోకెల్లా గొప్పది పెట్టెలో లేదు, గోడ మీద అద్దం ఫ్రేములో ఉంది. అది సారు కూతురు పూర్ణిమది. ఆ బొమ్మను జిల్లా పోటీకి పంపేటప్పుడు సారు రెండు రోజులు బడికి సెలవు పెట్టి మరీ దిద్దాడు. మొదటి బహుమతి వచ్చింది. ఇప్పుడు పూర్ణిమకు ముప్ఫై దాటాయి. అత్తాపూర్‌లో, ఎక్స్‌ప్రెస్ వే పిల్లర్ల పక్కన ఉన్న ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరు. రోజూ అదే బస్సు, టిఫిన్ డబ్బాలో అదే టమాట పప్పు, సాయంత్రం ఇంటికి రాగానే అదే మాట, "చాయ పెట్టన్నా బాపూ?" వయసులో ఉన్నప్పుడు సిటీలో బొమ్మల కాలేజీకి పోతానంది. ఎవరూ వద్దనలేదు. చివరి తేదీ దాటిపోయింది, అంతే. సంబంధాలొచ్చాయి. ఇరువైపులా నచ్చాయి కూడా. మాట్లాడుకున్న మాటలు మాట్లాడుకున్నట్టే ఉండిపోయాయి. ఆమెకు దేనిమీదా కోపం లేదు, దేనిమీదా మనసు లేదు.

రేణుకమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "అందరి పిల్లలయి మారవట్టె. గోపయ్య బిడ్డ ఇల్లు కూలి మల్ల లేసె. మన పిల్ల దాంట్ల ఒక పిట్ట గూడ కదలది. ఎందుకట్ల?" అని మొగుణ్ణి అడిగేది.

"మంచిగున్నదానికి మారుడెందుకే?" అనేవాడు సారు. "మచ్చ లేని బతుకు. చూడు, ఒక్క మరక ఉన్నదా?"

"మరక లేదు. బతుకేది?" అని ఆమె చాయ గిన్నెలు తోముకోవడానికి పోయేది. ఆ మాట ఆయన చెవిన పడేది కానీ లోపలికి దిగేది కాదు.

సారుకు తన బాధ తనకుంది. ఆయన కూడా బొమ్మలు వేశాడు. జీవితమంతా, సెలవుల్లో, ఆదివారాల్లో, గుడ్డ మీద రంగులతో. విమానాశ్రయం కిందికి పోయిన పొలాలు, గుండ్లు, మోటబావులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వేశాడు. వెనకగదిలో గోడకు ఆనించి ఉన్నాయి. బొమ్మలు చూడ్డానికి వచ్చిన జనంలో ఏ ఒక్కరూ ఆ గదిలోకి తల పెట్టి చూడలేదు. అది ఆయనకు ముల్లులా గుచ్చుకునేది. పిల్లల గీతలే కదులుతుంటే చెయ్యి తిరిగిన తన బొమ్మలు ఎందుకు కదలవు? పొద్దున లేస్తూనే వెళ్ళి చూసేవాడు, రాత్రి ఏ జొన్నచేనైనా కోతకొచ్చిందేమోనని. ఎక్కడి కంకి అక్కడే. పాతికేళ్ళుగా అదే మోట బావి ఒడ్డు దాకా వచ్చి ఆగి ఉంది.

రిటైరైన రెండేళ్ళకు స్వర్ణలత గారని ఒకావిడ వచ్చింది. విమానాశ్రయం దగ్గర కడుతున్న ఒక పెద్ద హోటల్‌కు బొమ్మలు ఏరిపెట్టే పని ఆవిడది. ఎవరో చెప్పగా వెతుక్కుంటూ వచ్చింది. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనకగదిలోని గుడ్డలన్నీ ముందుగదిలోకి తెచ్చి వరసగా పెట్టాడు. జీవితమంతా ఈ ఒక్క పూట కోసమే వేశాననుకున్నాడు.

"చాలా నీట్‌గా ఉన్నాయండీ మాస్టారూ," అంది ఆవిడ ఒక్కొక్కటే చూసి. "ఎక్కడా ఒక్క పొరపాటు కూడా లేదు. రూముల ముందు వరండాలు ఉంటాయి కదండీ, వాటికి సరిపోతాయేమో. వచ్చేపోయేవాళ్ళని ఆపవు."

"అంటే?" అన్నాడు సారు.

అప్పటికే ఆవిడ చూపు అరుగు మీదికి పోయింది. బుచ్చయ్య తన కొడుకు బొమ్మను మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. వాగులో కారు చక్రాల దాకా మునిగి ఉంది. గుడిసె కిటికీలోంచి ఎవరో బట్ట ఊపుతున్నారు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి బుచ్చయ్య పక్కన కూర్చుంది. చాలాసేపు చూసి నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "ఇవి ఇస్తారా మాస్టారూ?" అని అడిగింది.

"అవి నాయి కావమ్మా. ఎవరియి వాళ్ళయి," అన్నాడు సారు.

ఆవిడ మళ్ళీ రాలేదు. వరండాలకు కూడా ఆయన బొమ్మలు అడగలేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. రేణుకమ్మ కూడా రెండోసారి పిలవలేదు, ఎందుకంటే హోటల్ ఆవిడ అన్న మాటలో అబద్ధం లేదని ఆమెకూ తోచింది.

ఇక రాములమ్మ సంగతి. రాములమ్మ అంగట్లో ఆకుకూరలు అమ్మేది. అంగడి ముగిశాక మిగిలిన తోటకూర రేణుకమ్మకిచ్చి, కొడుకు జీవన్ బొమ్మ చూసుకుని పోయేది. వాళ్ళ భూమి విమానాశ్రయం రోడ్డు కింద పోయింది. మొగుడు ఆ బెంగతోనే పోయాడు. వచ్చిన పైసలతో జీవన్ కారు కొని టాక్సీ నడిపాడు, తర్వాత కారును తాగాడు, తర్వాత ఇల్లు విడిచిపోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. బొమ్మలో గుడిసె పైకప్పు గాలికి లేచిపోయి, తలుపు ఒక రెక్క మీద వేలాడుతూ ఉండేది. అయినా పొద్దు ఎర్రగా ఉండేది. "పొద్దున్నది, అది చాలు" అని ఆమె పోయేది.

2012 ఎండాకాలంలో ఒకరోజు ఆమె బొమ్మను వెలుతురుకు పట్టుకుని ఎంతకీ దించలేదు. "సార్, జర ఇటు రా. నా కండ్లకేమన్న అయిందా, రంగే తగ్గిందా?"

సారు చూశాడు. కొండలు నీళ్ళు కలిపినట్టు పలచబడ్డాయి. పొద్దు ఉందా లేదా అన్నట్టుంది. తెల్లబడే కాయితం ఎట్లా మొదలవుతుందో ఆ అరుగు మీద కూర్చునే అందరికీ తెలుసు.

"నీ బాంచెన్ సార్, దిద్దు," అంది రాములమ్మ.

"పెట్టెలకు పోయినంక నేను ముట్ట రాములమ్మా. పిల్లలది పిల్లలదే."

"బళ్ళె మంచి మంచి పిల్లలయి దిద్దితివి గద. నా కొడుకుది అప్పుడు దిద్దకపోతివి. ఒక్కపారి గూడ వాని దిక్కు చూడకపోతివి. ఇప్పుడన్న దిద్దు సార్."

ఆ మాటకు సారు తల వంచుకున్నాడు. జీవన్ వెనక బెంచీ పిల్లవాడు. వాడి మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఆయన లోపలికి పోయి కుంచెలు, నీళ్ళ రంగులు తెచ్చుకున్నాడు. కప్పు మీద గడ్డిని పరక పరకగా కట్టాడు. తలుపు బిగించి మూశాడు. ఒడ్డు తెగిన వాగును ఒడ్డులోకి తోశాడు. కొండల్ని నిలబెట్టి, పొద్దును చిక్కగా, గుండ్రంగా దిద్దాడు. చాలా ఏళ్ళ తర్వాత చేతికి పని దొరికింది. ఆయనకు లోపల ఎంత సంతోషంగా ఉందంటే, పక్కన రాములమ్మ ఏడుస్తున్న సంగతి కూడా మరిచిపోయాడు.

రంగు నిలిచింది. ఆ వారంలోనే జీవన్ ఇంటికి వచ్చాడు. ఎవరో లారీ డ్రైవరు మంఖాల్ దగ్గర దింపిపోయాడట. బక్కచిక్కి ఉన్నాడు కానీ ప్రాణానికి భయం లేదన్నారు. ఊరంతా సారుకు దండం పెట్టింది. మావి కూడా దిద్దమని జనం గేటు దగ్గర తోసుకున్నారు. "ఒక్కటి దిద్దిండు గద, ముందు దాని సంగతి చూడుర్రి" అని రేణుకమ్మ అడ్డం పడి పెట్టెల మీద కూర్చుంది. సారుకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళకు తన చేతికి విలువ తెలిస్తే ఇంటిదే అడ్డం పడిందని వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

రాములమ్మ ఆ తర్వాత కొన్నాళ్ళు రాలేదు. కొడుకే ఇంట్లో ఉంటే బొమ్మతో పనేముంది? ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం వచ్చింది. తోటకూర తేలేదు. గడప పక్కన కూలబడింది.

"ఏందమ్మా, జీవన్ మంచిగున్నడా?" అన్నాడు సారు.

"మంచిగున్నడు సార్. తాగుతలేడు, తిడ్తలేడు, ఎవ్వలి జోలికి పోతలేడు. ఏడ కూసోమంటే ఆడ కూసుంటడు. ఎట్లున్నవ్ బిడ్డా అంటే, మంచిగనే ఉన్న అంటడు. ఎప్పుడడిగినా గదే మాట."

చాయ తెస్తున్న రేణుకమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"వాళ్ళ నాయిన సంవత్సరీకం నాడు నేను దొర్లి దొర్లి ఏడ్సిన. వాడు కండ్ల నీళ్ళు పెట్టలే. గోడను చూసినట్టు నన్ను చూసిండు. మొన్న కూరల ఉప్పెయ్యకుంట పెట్టి చూసిన సార్. తిన్నడు. మల్ల రోజు గూడ ఎయ్యలే. తిన్నడు. కడుపుల పెట్టుకొని సాదినోన్ని, నాకెర్క గాదా? వీడు నా కొడుకు గాడు. వాని బొమ్మ." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పాడు చెయ్యి సార్. ముందుగాల ఎట్లుండెనో అట్ల చెయ్యి."

"పాడు చేస్తే మల్ల తెల్లవడుతదేమో."

"తెల్లవడితే తెచ్చి నా చేతుల పెట్టు. ఆ పాపం నాది."

సారు బొమ్మ బయటికి తీశాడు. ఏడాది కిందట తను ఎట్లా దిద్దాడో అట్లాగే ఉంది, గడ్డిపరక కూడా కదలలేదు. కుంచె తడిపి కప్పును వంకర చేద్దామనుకున్నాడు. చెయ్యి వంకర పోలేదు. కప్పు మీద ఇంకో వరస గడ్డి చక్కగా వచ్చి కూర్చుంది. ఎడమచేత్తో పట్టుకున్నాడు. వాగు ఇంకొంచెం అందంగా తిరిగింది. కళ్ళు మూసుకుని గీశాడు. తెరిచి చూస్తే కొండకు నీడ దిద్దినట్టు పడి ఉంది. పిల్లలు గీసినట్టు ఒక్క గీత గీయడం, ఆరో తరగతి మొద్దు వెధవలు చేసినట్టు ఒక్క తప్పు చేయడం ఆ చేతికి రాలేదు. నలభై ఏళ్ళు పొగరుగా మోసిన చెయ్యి అది.

"నాకైతలేదు రాములమ్మా," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు సిగ్గేసింది.

"ఇటియ్యి సార్," అంది ఆమె. కాయితాన్ని నేల మీద పెట్టుకుంది. "ఈ ఏలు ఒక్కపారి కాయితం మీద ఒత్తినందుకే భూమంత పాయె. ఇంకోపారి ఒత్తుత, ఏమైతదో కానీ." బొటనవేలు నాలుక మీద తడుపుకుని గుడిసె కప్పు మీద పెట్టి గట్టిగా రుద్దింది. గడ్డి చెదిరిపోయి తలుపు మీదికి, తలుపు మీంచి వాగులోకి మురికి మురికిగా పాకింది. తర్వాత లేచి వెళ్ళిపోయింది.

మళ్ళీ అంగడి నాటికి నవ్వుతూ, ఏడుస్తూ వచ్చింది. జీవన్ పళ్ళెం విసిరేశాడట. "గిదేం కూరనే, ఉప్పేది?" అని ఇంటి మీది పెంకులెగిరేలా అరిచాడట. తర్వాత ఉన్నట్టుండి నాయినా, నాయినా అని తెల్లవారేదాకా ఏడ్చాడట. ఆ మర్నాడు తల్లితో కొట్లాడి, కాటేదాన్‌లో ఏదో ప్లాస్టిక్ కార్ఖానాలో పనికని వెళ్ళిపోయాడు. తాగుతున్నాడో లేదో తెలియదు. బొమ్మలో కప్పు కారుతోంది, పొద్దు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పాలిపోయి ఉంటోంది. రాములమ్మ కాయితం చేతిలోకి తీసుకుని ముందు పొద్దును వెతుక్కునేది. "బతికున్నడు సార్," అనేది.

జీవన్ ఉప్పడిగిన సంగతి చెప్పి రాములమ్మ పోయిన రోజే రేణుకమ్మ స్టూలెక్కి గోడ మీది ఫ్రేమును దించింది. తెచ్చి మొగుడి ఒళ్ళో పెట్టింది.

"సమజయిందా?" అంది.

సారుకు అంతకుముందే అర్థమైంది. రాములమ్మ ఉప్పు లేని కూర సంగతి చెప్పిననాటి నుంచీ అర్థమవుతూనే ఉంది, ఒప్పుకోవడానికి ధైర్యం చాలలేదు. తను మెచ్చి, ముద్దు చేసి, చెయ్యి పట్టి దిద్దిన పిల్లలందరినీ తను ఎక్కడికక్కడ నిలబెట్టేశాడు. వెనక బెంచీల మొహాలు, తను పట్టించుకోనివాళ్ళు, వాళ్ళే పడుతూ లేస్తూ బతికారు. అందరికన్నా ఎక్కువగా ప్రేమించింది కూతుర్ని. అందరికన్నా ఎక్కువగా దిద్దింది ఆమె బొమ్మనే. ఆయన అద్దం ఊడదీసి బొటనవేలు తడుపుకుని కప్పు మీద రుద్దాడు. చెదరలేదు. కొండ మీద రుద్దాడు. పోటీకి పంపే బొమ్మ వాన తడికి పాడు కాకూడదని ఆ రోజుల్లో ఏరికోరి తడికి చెదరని సిరా వాడాడు. వేలు ఎర్రబడేదాకా రుద్దుతూనే ఉన్నాడు.

పూర్ణిమ బస్సు దిగి వచ్చేసరికి ఇంకా రుద్దుతున్నాడు. ఆమె బ్యాగు కొక్కేనికి తగిలించి, "చాయ పెట్టన్నా బాపూ?" అంది.

"చాయ వద్దు, ఏమొద్దు. గిట్ల కూసో," అని రేణుకమ్మ కూతుర్ని కూర్చోబెట్టి ఉప్పు లేని కూర దగ్గర్నుంచి బొటనవేలి దాకా మొత్తం చెప్పింది. పూర్ణిమ అంతా విని బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నేను కొబ్బరిచెట్టు ఎయ్యలే అమ్మా," అంది చివరికి. "తాడిచెట్టు ఏసిన. మన బాయికాడ ఉండె చూడు, పిడుగు పడ్డది, తల లేనిది. అదేసిన. బాపు దాని మీద కొబ్బరిచెట్టు ఏసిండు." ఆమె గొంతులో కోపం లేదు. గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది. "గుడిసె గూడ నేనెయ్యలే. ఏమేసిన్నో యాదికొస్తలేదు."

"తప్పయింది బిడ్డా," అన్నాడు సారు.

ఆమె కాయితాన్ని బోర్లా తిప్పింది. వెనక వైపు పసుపు రంగుకు తిరిగి ఉంది, ఖాళీగా ఉంది. తండ్రి చొక్కా జేబులో పెన్సిల్ తీసుకుని అరుగు మీదికి పోయి కూర్చుంది. సారు వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు లోపలికి పో బాపూ," అంది ఆమె తిరక్కుండానే. "చూస్తే దిద్దుతవ్."

"దిద్ద బిడ్డా. ఒట్టు. ఊకె చూస్త."

"దిద్దుతవ్ బాపూ."

ఆయన లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. బయట పెన్సిల్ కాయితం మీద గీరుకుంటున్న చప్పుడు వినపడింది. ఆగుతోంది, మళ్ళీ గీరుతోంది, ఒకసారి ఫటుక్కున ములుకు విరిగింది. ఎక్కడ ఎక్కువ ఒత్తుతోందో, ఎక్కడ గీత వంకర పోతోందో ఆయనకు చప్పుడును బట్టే తెలుస్తోంది. కుడిచెయ్యి తొడ మీద దానంతటదే కదులుతుంటే ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

పూర్ణిమ ఆ కాయితాన్ని తన బ్యాగులో పెట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లో చిన్న చిన్న తేడాలొచ్చాయి. ఒకరోజు టిఫిన్ డబ్బా మరిచిపోయింది. ఒకరోజు తల్లి మీద కసురుకుంది, రేణుకమ్మ వంటింట్లోకి పోయి చేతులు జోడించింది. ఒకరోజు బస్సు ఎక్కకుండా తిరిగొచ్చి తలుపేసుకుని పడుకుంది. అత్తాపూర్ బడి మానేసింది. కొత్త రాష్ట్రం వచ్చిందని ఊరంతా గులాల్ చల్లుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున ఇంకో ఊరు పోతున్నానంది. ఎందుకు పోతోందో తల్లికి చెప్పింది. ఏ ఊరో కూడా తల్లికే చెప్పింది.

సారు గేటు దాకా వెళ్ళాడు. "ఆ బొమ్మ పెట్టెల పెట్టిపో బిడ్డా. ఊరందరి పిల్లలయి ఉన్నయి. నీది గూడ ఉంటే అప్పుడప్పుడు చూసుకుంట. నువ్వు ఎట్లున్నవో తెలుస్తది."

"వద్దు బాపూ," అంది పూర్ణిమ. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ బ్యాగు మీది చెయ్యి తీయలేదు. రోడ్డు మీద గులాల్ ఆమె చెప్పులకంటుకుంది.

జనం మాత్రం ఎప్పట్లాగే వస్తున్నారు. సారు తాళం తీస్తున్నాడు, ఎవరిది వాళ్ళకిస్తున్నాడు. బుచ్చయ్య కొడుకు బొమ్మలో కారు పోయి ఆటో వచ్చింది. వెనకగదిలో సారు వేసిన గుడ్డల మీద దుమ్ము పేరుకుంది. ఆయన పొద్దున లేచి అటు చూడటం మానేశాడు. రాములమ్మ ఒకసారి కొడుకు కాయితం చూసుకుని, "బిడ్డ ఎట్లున్నది సార్?" అని అడిగింది. "ఎర్క లేదమ్మా," అన్నాడు. ఇన్ని వందల పిల్లల సంగతి తెలిసిన మనిషి అన్న మాట అది. ఆమె తోటకూర కట్ట గడప దగ్గర పెట్టి పోయింది.

ఆదివారాలు పూర్ణిమ తల్లికి ఫోను చేసేది. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకునేవారు. ఒక ఆదివారం రేణుకమ్మ పొయ్యి దగ్గర ఉంటే ఫోను మోగింది, సారు తీశాడు. అవతల బస్సుల మోత, ఎవరో పిలుస్తున్న కేక.

"బిడ్డా, మంచిగున్నవా?"

"లేను బాపూ," అంది పూర్ణిమ. పుట్టాక ఆ గొంతు అట్లా పలకడం ఆయన ఎన్నడూ వినలేదు. అందులో ఏడుపుంది, అలసటుంది, ఇంకా ఆయనకు పేరు తెలియనిదేదో ఉంది.

"ఏమయింది? ఎక్కడున్నవ్ చెప్పు. నేనొస్త, నేనొచ్చి…"

"నువ్వేం చెయ్యకు బాపూ. అమ్మకియ్యి."

సారు ఫోను రేణుకమ్మ చేతికిచ్చి బయటికొచ్చాడు. అరుగు మీద జనం ఎవరి కాయితం వాళ్ళు వెలుతురుకు పట్టుకుని చూసుకుంటున్నారు. ఎవరో జరిగి చోటిచ్చారు. ఆయన వాళ్ళ మధ్య ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.